హిందూపురం, పెనుకొండ, ధర్మవరం: మూడు పట్టణాల ఓటు తీరు

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీ సత్యసాయి జిల్లా పట్టణాలు. మూడూ మూడు శాసనసభ నియోజకవర్గాలకు కేంద్రాలు, మూడూ హిందూపురం లోక్‌సభ స్థానం పరిధిలోనివే. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా ఏర్పడే దాకా ఇవి అనంతపురం జిల్లాలో ఉండేవి. వానలు తక్కువ, బోర్లు లోతు, బతుకుతెరువుకు బెంగళూరు దగ్గర. ఇంతవరకు మూడు ఊళ్లదీ ఒకటే కథ. రాజకీయం దగ్గరికి వస్తే మూడూ వేరు. హిందూపురం నాలుగు దశాబ్దాలుగా ఒకే పార్టీని శాసనసభకు పంపుతోంది. పెనుకొండ చాలాకాలం ఒక నాయకుడి పేరు చుట్టూ తిరిగి, నియోజకవర్గం హద్దులు మారాక రూపు మార్చుకుంది. ధర్మవరం ఇటీవలి నాలుగు ఎన్నికల్లో ఏ ఒక్కరినీ వరుసగా రెండోసారి గెలిపించలేదు.

మూడింటికీ ఉమ్మడిగా ఉన్న లక్షణం మరొకటి ఉంది. ఇక్కడివారు ఎమ్మెల్యేని ఒక లెక్కతో, వార్డు కౌన్సిలర్‌ని ఇంకో లెక్కతో ఎన్నుకుంటారు. ఈ రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టి చూడకుండా ఈ ఊళ్లను ఫలానా పార్టీ కంచుకోట అనేయడం సరికాదు.

నియోజకవర్గాల స్వరూపం

2008 పునర్విభజన తర్వాత హిందూపురం శాసనసభ స్థానంలో హిందూపురం, లేపాక్షి, చిలమత్తూరు మండలాలు మిగిలాయి. పెనుకొండ స్థానంలో పెనుకొండ, సోమందేపల్లి, రొద్దం, పరిగి, గోరంట్ల మండలాలు ఉన్నాయి. ధర్మవరం స్థానంలోకి ధర్మవరం, బత్తలపల్లి, తాడిమర్రి, ముదిగుబ్బ వచ్చాయి. హిందూపురం లోక్‌సభ స్థానంలో ఈ మూడింటితోపాటు మడకశిర, పుట్టపర్తి, కదిరి, రాప్తాడు కలిసి ఏడు సెగ్మెంట్లు. మడకశిర షెడ్యూల్డు కులాలకు రిజర్వు అయింది. పాత గోరంట్ల, నల్లమాడ నియోజకవర్గాలు ఈ పునర్విభజనలోనే కనుమరుగయ్యాయి.

పట్టణాల పరిమాణంలో తేడా చాలా ఉంది. 2011 జనాభా లెక్కల ప్రకారం హిందూపురంలో లక్షన్నరకు పైగా, ధర్మవరంలో లక్షా 20 వేలకు పైగా జనం ఉన్నారు. పెనుకొండలో 30 వేలు కూడా లేరు. హిందూపురం 1920లోనే పురపాలక సంఘమైంది. ధర్మవరానికి ఆ హోదా 1964లో వచ్చింది. ఒకప్పుడు విజయనగర రాజులకు రాజధానిగా వెలిగిన పెనుకొండ మాత్రం నిన్నమొన్నటి దాకా మేజర్ పంచాయతీ. నగర పంచాయతీగా తొలి పాలకవర్గాన్ని ఎన్నుకున్నది 2021 నవంబరులో.

1983కు ముందు

తొలి సార్వత్రిక ఎన్నికల నాటికి లోక్‌సభ స్థానం పేరు హిందూపురం కాదు, పెనుకొండ. 1952లో అక్కడి నుంచి గెలిచిన కె.ఎస్. రాఘవాచారి కాంగ్రెస్ మనిషి కాదు, కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీ అభ్యర్థి. దేశమంతటా కాంగ్రెస్ గాలి వీస్తున్న రోజుల్లో ఈ ఎండు నేల వేరే గుర్తుకు ఓటేసిందన్న సంగతి ఇప్పుడు ఊళ్లో ఎవరికీ పెద్దగా గుర్తులేదు. గుర్తు పెట్టుకోదగ్గదే. స్వాతంత్ర్యోద్యమ తరంలో ఈ ప్రాంతం నుంచి వినిపించిన పేర్లలో కల్లూరు సుబ్బారావుది ముఖ్యమైనది. హిందూపురం ప్రాంతానికి చెందిన ఆయన 1937 నవంబరు 16 నాటి శ్రీబాగ్ ఒడంబడికపై సంతకం చేసినవారిలో ఒకరు. రాయలసీమకు నీళ్లలో, రాజధానిలో వాటా దక్కాలన్న ఆ ఒడంబడిక ప్రస్తావన ఈనాటి ఎన్నికల సభల్లోనూ వినిపిస్తుంది.

1967లో నీలం సంజీవరెడ్డి హిందూపురం నుంచి లోక్‌సభకు గెలిచి స్పీకర్ అయ్యారు. 1969లో రాష్ట్రపతి పదవికి పోటీ చేయడానికి ఆ పదవిని వదులుకుని, వి.వి. గిరి చేతిలో ఓడిపోయారు. పెద్ద పేరున్న నాయకుడు బయటి నుంచి వచ్చి నిలబడితే హిందూపురం అక్కున చేర్చుకోవడం తెలుగుదేశంతో మొదలైందని చాలామంది అనుకుంటారు. అంతకుముందే ఆ అలవాటు ఉందనడానికి ఈ ఎన్నిక సాక్ష్యం.

హిందూపురం

1983లో తెలుగుదేశం పార్టీ తొలిసారి పోటీ చేసినప్పటి నుంచి 2024 దాకా హిందూపురం శాసనసభ స్థానంలో ఆ పార్టీ ఓడిపోలేదు. 1985లో ఎన్.టి. రామారావు గుడివాడ, నల్గొండ, హిందూపురం మూడుచోట్ల గెలిచి హిందూపురాన్నే ఉంచుకున్నారు. 1989లో రాష్ట్రంలో పార్టీ అధికారం పోగొట్టుకుంది, ఆయన స్వయంగా కల్వకుర్తిలో ఓడిపోయారు. శాసనసభలో ఆయనకు చోటు నిలిపింది హిందూపురమే. 1994లో టెక్కలిలో కూడా గెలిచి, మళ్లీ ఈ సీటునే అట్టిపెట్టుకున్నారు. 1996 జనవరిలో ఆయన మరణించాక జరిగిన ఉప ఎన్నికలో కుమారుడు హరికృష్ణ గెలిచారు. 2014 నుంచి మరో కుమారుడు బాలకృష్ణ.

దీన్నంతా సినిమా అభిమానం కింద కొట్టిపారేయడం తేలిక. లెక్కలు అందుకు ఒప్పుకోవు. హరికృష్ణకూ బాలకృష్ణకూ మధ్య 1999లో సి.సి. వెంకటరాముడు, 2004లో రంగనాయకులు, 2009లో అబ్దుల్ ఘని ఇదే పార్టీ నుంచి గెలిచారు. 2004, 2009 రెండూ రాష్ట్రంలో కాంగ్రెస్ గెలిచిన ఏళ్లు. నందమూరి ఇంటిపేరు లేకుండా, రాష్ట్రగాలికి ఎదురీదుతూ గెలవాలంటే వాడల్లో పాతుకున్న పార్టీ యంత్రాంగం ఉండాలి. రామారావు కాలంలో చేరిన కార్యకర్తల కుటుంబాలు, వెనుకబడిన కులాల్లో కుదిరిన పట్టు, ముస్లిం అభ్యర్థినీ నిలబెట్టి గెలిపించుకోగలిగిన నేర్పు కలిసి చేసిన పని అది.

బాలకృష్ణ ఆధిక్యం 2014లో 16,196 ఓట్లు, 2019లో 18,028, 2024లో 32,597. వీటిలో నిలిపి చదవాల్సింది మధ్య అంకెనే. 2019లో వైఎస్సార్ కాంగ్రెస్ రాష్ట్రంలోని 175 స్థానాల్లో 151 గెలిచింది. ఉమ్మడి అనంతపురం జిల్లాలోని 14 సీట్లలో తెలుగుదేశానికి దక్కినవి రెండే, ఒకటి ఉరవకొండ, రెండోది హిందూపురం. అంత పెనుగాలిలోనూ ఇక్కడ ఆధిక్యం తగ్గకపోగా కొంచెం పెరిగింది. అదే ఎన్నికలో లోక్‌సభ స్థానాన్ని మాత్రం పోలీసు ఉద్యోగం వదిలి వచ్చిన వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి గోరంట్ల మాధవ్ లక్షా 40 వేలకు పైగా ఆధిక్యంతో గెలుచుకున్నారు.

రెండేళ్లు తిరక్కుండానే, 2021 మార్చి 10న పురపాలక ఎన్నికలు జరిగాయి. 38 వార్డుల్లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు 29 వచ్చాయి, తెలుగుదేశం 6 దగ్గర ఆగిపోయింది. బీజేపీ, మజ్లిస్, స్వతంత్రులకు ఒక్కొక్కటి. బాలకృష్ణ ఊరంతా తిరిగి ప్రచారం చేశారు, అయినా ఫలితం అదే. వైఎస్సార్ కాంగ్రెస్ కౌన్సిలర్ ఇంద్రజ చైర్‌పర్సన్ అయ్యారు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం మారింది. ఆమె పదవికి రాజీనామా చేసి తెలుగుదేశంలో చేరారు. 2025 ఫిబ్రవరి 3న జరిగిన చైర్మన్ ఎన్నికలో తెలుగుదేశం అభ్యర్థి డి.ఇ. రమేశ్ కుమార్‌కు 23 ఓట్లు, ప్రత్యర్థికి 14 పడ్డాయి. ఎక్స్ అఫీషియో సభ్యులుగా ఎమ్మెల్యే, ఎంపీ కూడా చేతులెత్తారు. వార్డుల్లో ఒక్క ఓటు మారలేదు, ఒక్క పోలింగు జరగలేదు, పురపాలక సంఘం మాత్రం చేతులు మారింది. ఏ పార్టీ చేసినా ఇది ఓటరుకు అన్యాయమే. చైర్మన్‌ను ప్రజలు నేరుగా కాకుండా కౌన్సిలర్లు ఎన్నుకునే పద్ధతిలో ఈ లోపం పుట్టుకతోనే ఉంది.

ఈ ఊరి రాజకీయానికి అడుగున ఉన్నది నీళ్లు. వేసవి వస్తే ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టడం, ఖాళీ బిందెలతో రోడ్డుమీద కూర్చోవడం ఒక తరం మొత్తానికి అనుభవం. గొల్లపల్లి జలాశయం నుంచి పట్టణానికి పైపులైను వేసింది బాలకృష్ణ తొలి పదవీకాలంలో. 2019లో ఆయన నిలబడటానికి సినిమా ఎంత కారణమో ఆ పైపులైను కూడా అంతే కారణమని చెప్పవచ్చు. వార్డు ఎన్నిక నాటికి ప్రశ్న మారిపోయింది. నీళ్లు ఊరిదాకా వచ్చాయి, మా వీధికి ఎప్పుడు? కాలువ ఎవరు తీస్తారు, ఇంటిపట్టా ఎవరిప్పిస్తారు? ఆ పనులు అధికారంలో ఉన్న పార్టీ కౌన్సిలర్ అయితేనే అవుతాయన్న నమ్మకం ఓటును అటు నడిపించింది.

జిల్లా కేంద్రం విషయంలో తగిలిన దెబ్బ ఇంకా పచ్చిగానే ఉంది. 2022లో కొత్త జిల్లాకు పుట్టపర్తిని కేంద్రంగా ప్రకటించినప్పుడు లోక్‌సభ స్థానానికి పేరిచ్చిన తమ ఊరిని పక్కన పెట్టారని హిందూపురం రోడ్డెక్కింది. ఫిబ్రవరి 4న బాలకృష్ణ మౌనదీక్ష చేశారు, అవసరమైతే రాజీనామాకు సిద్ధమన్నారు. పెద్ద ఊరు, పాత పురపాలక సంఘం, రైలు, వ్యాపారం అన్నీ ఉండి కలెక్టరేటు లేకపోవడమేమిటన్నది పార్టీలకు అతీతంగా వినిపించే మాట.

పెనుకొండ

పెనుకొండ ఎన్నికల చరిత్రలో 1994 నుంచి 2005 దాకా ఒకే పేరు, పరిటాల రవీంద్ర. 1994, 1999, 2004 మూడుసార్లూ తెలుగుదేశం తరఫున ఆయనే గెలిచారు. 2005 జనవరి 24న అనంతపురంలో పార్టీ కార్యాలయం దగ్గర హత్యకు గురయ్యారు. ఆ ఏడాది ఉప ఎన్నికలో భార్య సునీత గెలిచారు. ఆ కాలపు రాజకీయాన్ని పగల చరిత్రగానే చెప్పుకోవడం అలవాటైపోయింది. రామగిరి, కనగానపల్లి, చెన్నేకొత్తపల్లి పల్లెల్లో ఎన్ని కుటుంబాలు మగదిక్కు కోల్పోయాయో, ఎందరు ఊళ్లొదిలి వెళ్లారో అందులో వినిపించదు. పోలింగు కేంద్రానికి వెళ్లడానికే ధైర్యం కావలసిన రోజులవి.

2008 పునర్విభజనలో ఆ మూడు మండలాలూ కొత్త రాప్తాడు నియోజకవర్గంలోకి వెళ్లాయి. పరిటాల కుటుంబ రాజకీయమూ వాటితోపాటే వెళ్లింది, సునీత 2009లో రాప్తాడు నుంచి గెలిచారు. పెనుకొండలోకి పరిగి, గోరంట్ల వచ్చి చేరాయి. ఒక గీత అటు జరిగేసరికి ఓటర్ల కూర్పు, దాంతో అభ్యర్థుల కూర్పు మారిపోయాయి. 2009, 2014లో బి.కె. పార్థసారథి (తెలుగుదేశం), 2019లో మాలగుండ్ల శంకరనారాయణ (వైఎస్సార్ కాంగ్రెస్), 2024లో ఎస్. సవిత (తెలుగుదేశం) గెలిచారు. ముగ్గురూ కురుబ సామాజికవర్గం వారే. 2024లో సవిత చేతిలో ఓడిన వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి ఉషశ్రీ చరణ్ కూడా కురుబే. గొర్రెల మందలు మేపుకునే కులంగా ఒకప్పుడు పక్కకు నెట్టేసినవారు ఇక్కడ రెండు ప్రధాన పార్టీలూ టికెట్టు ఇవ్వక తప్పని స్థితికి చేరడం ఈ ప్రాంత రాజకీయంలో గడచిన ముప్పై ఏళ్లలో వచ్చిన అతి పెద్ద మార్పు. సవిత తండ్రి ఎస్. రామచంద్రారెడ్డి ఇదే పెనుకొండ నుంచి శాసనసభకు, 1996లో హిందూపురం నుంచి లోక్‌సభకు గెలిచినవారు.

2017లో ఒప్పందం కుదిరి, 2019లో ఉత్పత్తి మొదలుపెట్టిన కియా కార్ల కర్మాగారం పెనుకొండ మండలం ఎర్రమంచిలో ఉంది. ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యం, ఐదువందల పైచిలుకు ఎకరాలు, 44వ నంబరు జాతీయ రహదారి పక్కనే. అంత పెద్ద ఫ్యాక్టరీ తెచ్చిన తెలుగుదేశం ఆ 2019లోనే పెనుకొండలో 15 వేల పైచిలుకు ఓట్లతో ఓడిపోయింది. దీన్ని కృతఘ్నత అన్నవారున్నారు. అది అన్యాయమైన మాట. భూములు ఒక తరానివి, ఉద్యోగాలు ఇంకో తరానివి, అవి రావడానికి పట్టే కాలం వేరు. స్థానికులకు ఎన్ని ఉద్యోగాలు, ఎంత జీతం, కాంట్రాక్టు కిందనా పర్మినెంటా అన్నది ఓటరు అడిగిన ప్రశ్న. ఐదేళ్ల తర్వాత, చుట్టూ విడిభాగాల పరిశ్రమలు నిలబడ్డాక, సవిత ఆధిక్యం 33,388కి చేరింది. దానికి కియా ఒక్కటే కారణమనడమూ అతిశయోక్తే, ఆ ఏడాది ఉమ్మడి జిల్లాలోని 14 సీట్లూ తెలుగుదేశం నేతృత్వంలోని కూటమే గెలుచుకుంది.

నగర పంచాయతీకి 2021 నవంబరు 15న జరిగిన తొలి ఎన్నికలో 20 వార్డులకు 18 వైఎస్సార్ కాంగ్రెస్‌కు, 2 తెలుగుదేశానికి వచ్చాయి. స్థానిక ఎమ్మెల్యే శంకరనారాయణ అప్పుడు రాష్ట్ర మంత్రి. చిన్న ఊళ్లో, మంత్రి సొంత నియోజకవర్గంలో, ప్రతి ఇంటికీ పరిచయమున్న అభ్యర్థి నిలబడితే పార్టీ గుర్తు రెండో స్థానానికి పోతుంది.

ధర్మవరం

ధర్మవరం పట్టుచీర ఊరు. తొగట, పద్మశాలి, దేవాంగ కుటుంబాలతోపాటు నేతపని నేర్చిన ఇతర కులాలవారూ, ముస్లింలూ మగ్గాల మీద బతుకుతున్నారు. కనుక ఇక్కడ నేత ఓటు అంటే ఒక కులం ఓటు కాదు, ఒక వృత్తి ఓటు. సొంత మగ్గమున్నవారి బాధ ముడిపట్టు ధర, కూలి మగ్గం నేసేవారి బాధ కూలి రేటు, సావుకారు దగ్గర తీసుకున్న అడ్వాన్సు. చేతిమగ్గానికి రిజర్వు చేసిన చీరలను మరమగ్గాలు నేసేస్తున్నాయన్న ఫిర్యాదు ప్రతి ఎన్నికలో పైకి వస్తుంది. 2019 డిసెంబరులో మొదలైన నేతన్న నేస్తం సొంత మగ్గమున్న కుటుంబానికి ఏడాదికి 24 వేల రూపాయలిచ్చింది. ఆ డబ్బు అందినవారికి అది చిన్న సాయం కాదు. కూలికి నేసేవారికి, పడుగు పోసేవారికి, రంగులద్దేవారికి అందులో చోటు లేకపోవడం ఆ పథకం దాచలేని లోటు.

2009లో కేతిరెడ్డి వెంకటరామిరెడ్డి కాంగ్రెస్ నుంచి, 2014లో వరదాపురం సూరిగా అందరికీ తెలిసిన గోనుగుంట్ల సూర్యనారాయణ తెలుగుదేశం నుంచి, 2019లో మళ్లీ కేతిరెడ్డి వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి, 2024లో బీజేపీ అభ్యర్థి వై. సత్యకుమార్ యాదవ్ గెలిచారు. నాలుగు ఎన్నికల్లో నాలుగు పార్టీల గుర్తులు! రాష్ట్రంలో ఎవరు గెలిస్తే ధర్మవరమూ వారినే గెలిపించింది. హిందూపురం రాష్ట్రగాలికి తలవంచనిదైతే, ధర్మవరం గాలి ఎటు వీస్తోందో చెప్పే ఊరు.

కేతిరెడ్డి ‘గుడ్ మార్నింగ్ ధర్మవరం’ పేరుతో తెల్లవారగానే వీధుల్లో నడుస్తూ, కాలువలూ పింఛన్లూ అడిగి, అధికారులను అక్కడికక్కడే నిలదీసేవారు. ఆ వీడియోలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చూశారు. ఎమ్మెల్యే అంటే ఇలా ఉండాలని బయటి ఊళ్లవారు మెచ్చుకున్నారు. 2021లో 40 వార్డులకు 40 ఆయన పార్టీయే తీసుకుంది, వాటిలో కొన్ని పోటీ లేకుండానే. మూడేళ్లకు 2024లో పరిటాల రవీంద్ర కుమారుడు శ్రీరామ్ ఇన్‌చార్జిగా పనిచేసిన సీటును తెలుగుదేశం పొత్తులో బీజేపీకి వదిలింది. సత్యకుమార్ ఊరికి కొత్త, పోలింగుకు ముందు ఆయన తిరిగింది కొద్ది వారాలే. అయినా 3,734 ఓట్లతో గెలిచి ఆరోగ్యశాఖ మంత్రి అయ్యారు. ఇది స్వల్ప ఆధిక్యమే. అయితే కూటమి గాలి అంత బలంగా వీచిన ఏడాదిలో కేతిరెడ్డిని ఇంత దగ్గరి దాకా తెచ్చింది కూడా ఆ పొద్దుటి నడకేనని ఒప్పుకోవాలి.

వార్డు ఓటు ఎలా నడుస్తుంది

2021 పురపాలక ఎన్నికలను సాధారణ పరిస్థితుల్లో జరిగినవిగా లెక్కించకూడదు. నామినేషన్లు పడింది 2020 మార్చిలో, కరోనా పేరుతో ఆగిపోయాయి, ఏడాది తర్వాత ఆగినచోటి నుంచే కొనసాగాయి. నామినేషన్లు వేయనివ్వలేదని, వేసినవి బలవంతంగా ఉపసంహరింపజేశారని ప్రతిపక్షాలు ఆరోపించాయి. ఓటు యంత్రాల మీద కాదు, బ్యాలెట్ పత్రాల మీద పడింది. అప్పటికి వార్డు సచివాలయాలు, కొన్ని పదుల ఇళ్లకో వాలంటీరు చొప్పున పాలక వ్యవస్థ గడప దాకా చేరి ఉంది. పింఛను తెచ్చే చెయ్యి, ఓటు అడిగే చెయ్యి వేరని అవ్వా తాతలకు ఎవరు చెప్పగలరు?

అయితే అప్పటి ఉమ్మడి అనంతపురం జిల్లాలోనే తాడిపత్రి ఆ ఎన్నికలోనే తెలుగుదేశానికి 18 వార్డులిచ్చి, జె.సి. ప్రభాకర్‌రెడ్డిని చైర్మన్‌గా చేసుకుంది. ఆ మార్చి ఎన్నికల్లో రాష్ట్రంలో ఆ పార్టీకి దక్కిన ఒకే ఒక్క పురపాలక సంఘం అది. అంటే అధికార బలం ఒక్కటే అన్నిటినీ తేల్చలేదు. వీధి వీధికీ సొంత మనుషులున్న నాయకుడు ఊళ్లోనే ఉంటే వార్డులు నిలుస్తాయి. హిందూపురం ఎమ్మెల్యేకి ఊళ్లో అభిమానం ఉంది, రోజూ పొద్దున తలుపు తడితే పలికే మనిషి కావాలన్న కొరతా ఉంది. శాసనసభ ఓటులో మొదటిది గెలుస్తుంది, వార్డు ఓటులో రెండోది.

ముస్లిం ఓటు హిందూపురంలో ఏ పార్టీ విస్మరించలేనిది. 2004లో కాంగ్రెస్ లోక్‌సభకు నిజాముద్దీన్‌ను, 2009లో తెలుగుదేశం శాసనసభకు ఘనిని గెలిపించుకున్నాయి. 2019లో వైఎస్సార్ కాంగ్రెస్ మాజీ ఐపీఎస్ అధికారి ఇక్బాల్‌ను నిలబెట్టి ఓడింది, 2024లో టి.ఎన్. దీపికను నిలబెట్టి ఇంకా పెద్ద తేడాతో ఓడింది. ముస్లిం అభ్యర్థి ఉంటే ముస్లిం ఓటంతా గంపగుత్తగా పడుతుందన్న లెక్కా, లేకపోతే పోతుందన్న లెక్కా రెండూ ఇక్కడ పూర్తిగా నిలబడలేదు.

కర్ణాటక సరిహద్దు ఊరు కావడం వల్ల కన్నడం మాట్లాడే ఇళ్లు, ఒక్కలిగ కుటుంబాలు, గౌరిబిదనూరు వియ్యాలు హిందూపురం, మడకశిర వైపు ఎక్కువ. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్ లోక్‌సభకు సరిహద్దు అవతలి నుంచే అభ్యర్థిని తెచ్చింది, ఆ జె. శాంత బళ్లారి మాజీ ఎంపీ. అయినా ఆమె తెలుగుదేశం అభ్యర్థి బి.కె. పార్థసారథి చేతిలో లక్షా 30 వేలకు పైగా ఓట్లతో ఓడిపోయారు.

పట్టణం అంచుల్లో

బెంగళూరు నుంచి సుమారు వంద కిలోమీటర్లలో ఉన్న హిందూపురానికి ఆ నగరమే పెద్ద యజమాని. కూలికి, డ్రైవింగుకు, సెక్యూరిటీ ఉద్యోగానికి, సాఫ్ట్‌వేరుకు వెళ్లినవారి పేర్లు ఓటరు జాబితాలో ఇక్కడే ఉంటాయి. పోలింగు ముందురోజు రైళ్లూ బస్సులూ కిక్కిరిసి వస్తాయి. శాసనసభ ఎన్నికకు వచ్చే ఈ వలస ఓటు వార్డు ఎన్నికకు అంతగా రాదు. రెండు ఫలితాల మధ్య తేడాకు ఇదీ ఒక కారణం కావచ్చు.

ఇంకో సంగతి ఊరి హద్దులది. హిందూపురానికి ఆనుకున్న కిరికెర, పారిశ్రామికవాడ ఉన్న తూముకుంట, కియా చుట్టూ పెరుగుతున్న ఎర్రమంచి చూడటానికి పట్టణాలే. అద్దె గదులు, మెస్సులు, షిఫ్టు బస్సులు, రాత్రంతా వెలిగే లైట్లు. ఓటు మాత్రం పంచాయతీది. పార్టీ గుర్తు లేకుండా జరిగే ఆ సర్పంచి ఎన్నికలో ఇల్లు, పొలం ఉన్న పాత కుటుంబాలదే మాట. గదిలో అద్దెకుండే కార్మికుడి ఓటు కదిరిలోనో కర్ణాటకలోనో బిహార్‌లోనో ఉంటుంది. చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో లేపాక్షి నాలెడ్జ్ హబ్ పేరుతో సేకరించిన దాదాపు 8,800 ఎకరాల్లో ఆ హబ్ రానేలేదు, భూములు కోర్టుల పాలయ్యాయి. అదే గోరంట్ల మండలం పాలసముద్రం దగ్గర కేంద్ర కస్టమ్స్ శిక్షణ అకాడమీని 2024 జనవరిలో ప్రధాని ప్రారంభించారు. పొలాలిచ్చిన పల్లెలవారు ఎన్నికల్లో అడిగేది ఈ రెండింటి గురించే: రానిదానికి తీసుకున్న భూమి ఏమవుతుంది, వచ్చినదానిలో మా పిల్లలకు ఏ పని దొరుకుతుంది?